భుజం జారితే... లాగొద్దు!

పొద్దున జిమ్ము, పగలంతా ల్యాప్‌టాప్, సాయంత్రం క్రికెట్... హైటెక్‌సిటీ కుర్రకారు రోజులు ఇలా పరుగులు తీస్తుంటాయి. ఆ పరుగులో ఒక్క క్యాచ్ కోసం ఎగిరి దూకితే చాలు, భుజం 'టప్'మని జారిపోవచ్చు. అప్పుడు చుట్టూ చేరినవాళ్లు చేసే మొదటి పని... చెయ్యి పట్టుకుని గట్టిగా లాగడం. అస్సలు చేయకూడని పనీ అదే!

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి మాదాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల ఎక్కువగా కనిపించేవి రాళ్లగుట్టలే. ఇప్పుడక్కడ కిలోమీటర్ల కొద్దీ అద్దాల మేడలు. వాటితోపాటే పచ్చటి తివాచీ పరిచినట్టుండే టర్ఫ్ మైదానాలు, వీధికో జిమ్ము, ఈతకొలనులు, బ్యాడ్మింటన్ కోర్టులు వచ్చాయి. మిగిలిన గుట్టల్లోనూ ఖాజాగూడ లాంటిచోట్ల సెలవురోజు రాళ్లెక్కే సరదా ఒకటి. వారమంతా కుర్చీకి అతుక్కుపోయిన ఒళ్లు శనాదివారాల్లో ఒక్కసారిగా ఆటలోకి దూకుతుంది. ఇక సందు దొరికితే దూసుకెళ్లే బైకుల సంగతి చెప్పేదేముంది!

భుజం జారడానికి ఇవన్నీ దారులే. చెయ్యి పైకెత్తి బయటికి చాచి ఉన్నప్పుడు వెనక్కి ఒక్క కుదుపు తగిలితే సరిపోతుంది. బంతి కోసం డైవ్ చేసినప్పుడు, బైకు మీంచి పడుతూ చెయ్యి ఆన్చినప్పుడు, జిమ్ములో తలమీదికెత్తిన బరువు అదుపు తప్పినప్పుడు జరిగేది అదే. పల్లెల్లో దీన్నే 'గూడ జారింది' అంటారు.

ప్రాణం మీదికి వచ్చే సమస్య కాదు. కానీ మొదటి గంటలో ఏం చేశామన్నదాన్ని బట్టే ఆ చెయ్యి ఇక ముందు ఎలా పనిచేస్తుందన్నది చాలావరకూ తేలిపోతుంది.

ప్రమిద మీద బత్తాయి

శరీరంలో అన్నిటికన్నా ఎక్కువగా తిరిగే కీలు భుజానిదే. జుట్టు దువ్వుకోవాలన్నా, వీపు రుద్దుకోవాలన్నా, బంతి విసరాలన్నా అదే ఆధారం. ఆ స్వేచ్ఛకు చెల్లించే మూల్యమే ఈ జారుడు. తుంటి కీలు సంగతి చూడండి. లోతైన గిన్నెలో కూర్చోబెట్టిన లడ్డూలా కుదురుగా ఉంటుంది. భుజం అలా కాదు, చిన్న ప్రమిద మీద పెట్టిన బత్తాయిపండే! జబ్బ ఎముక పైభాగాన ఉండే బంతి పెద్దది. అది ఆనుకునే గుంట రెక్క ఎముక అంచున ఉంటుంది, బాగా చిన్నది, లోతు తక్కువ. బంతిలో మూడోవంతో నాలుగోవంతో మాత్రమే దాన్ని తాకుతూ ఉంటుంది. గుంట అంచున రబ్బరులాంటి కట్ట, దాన్ని అంటిపెట్టుకున్న లిగమెంట్లు, చుట్టూ ఉన్న కండరాలు కలిసి ఆ బంతిని జారకుండా పట్టుకుంటాయి.

అందుకే పెద్ద కీళ్లు జారి ఆస్పత్రికి వచ్చేవాళ్లలో దాదాపు సగంమందికి జారేది భుజమే. అందులోనూ నూటికి 95కు పైగా కేసుల్లో బంతి ముందువైపుకే జారుతుంది.

జారిన భుజాన్ని చూడగానే తేడా తెలిసిపోతుంది. గుండ్రంగా ఉండాల్సిన భుజం పలక పెట్టినట్టు చదునుగా కనిపిస్తుంది. చంక ముందుభాగంలో ఏదో ఉబ్బినట్టు ఉంటుంది. మనిషి రెండో చేత్తో ఈ చేతిని పట్టుకుని, కాస్త పక్కకి వంగి, కదిపితే ఒప్పుకోకుండా కూర్చుంటాడు. నొప్పి మామూలుగా ఉండదు. బంతి తప్పిపోగానే చుట్టూ ఉన్న కండరాలన్నీ బిగుసుకుపోతాయి. ఎంత బిగిస్తే అంత నొప్పి, ఎంత నొప్పి ఉంటే అంత బిగింపు. ఈ కథంతా ఆ బిగింపు చుట్టూనే తిరుగుతుంది.

లాగితే ఏమవుతుంది?

సినిమాల్లో హీరో జారిన భుజాన్ని గోడకేసి కొట్టుకుంటాడు. లేదంటే పక్కనున్నవాడు ఒక్క గుంజు గుంజుతాడు. మరుక్షణం లేచి ఫైటింగు మొదలు! నిజ జీవితంలో అలా గుంజితే మూడు ప్రమాదాలు.

మొదటిది విరుగుడు. భుజం జారినప్పుడు కొందరికి ఎముక కూడా విరిగి ఉంటుంది. నలభై దాటినవాళ్లలో, పైనుంచి పడ్డవాళ్లలో, బండి ప్రమాదాల్లో ఈ అవకాశం ఎక్కువ. పైకి చూస్తే తెలియదు, ఎక్స్‌రేలోనే తేలుతుంది. అది చూడకుండా లాగితే చిన్న పగులు పెద్దదవుతుంది.

రెండోది నరం. చంక పక్కనుంచి జబ్బ ఎముక మెడ చుట్టూ తిరిగి వెళ్లే నరం ఒకటుంది. చెయ్యి పక్కకి ఎత్తే డెల్టాయిడ్ కండరానికి ఆదేశాలు వెళ్లేది దాని ద్వారానే. బంతి జారినప్పుడే అది సాగుతుంది. మొరటుగా లాగితే ఇంకా నలుగుతుంది.

మూడోది రక్తనాళం. వయసు మీరినవాళ్లలో రక్తనాళాల గోడలు గట్టిపడి ఉంటాయి. గుంజుడుకి అవి చిరిగే ప్రమాదం అరుదే అయినా, జరిగితే చెయ్యే పోవచ్చు.

అలాగని 'రేపు చూపిద్దాంలే' అనుకోవడమూ తప్పే. గంటలు గడిచేకొద్దీ కండరాల బిగింపు పెరుగుతుంది. తేలిగ్గా కూర్చునే కీలు మొండికేస్తుంది. వారాల తరబడి అలా వదిలేస్తే మామూలు పద్ధతుల్లో సరిచేయడమే కష్టం, కోత తప్పకపోవచ్చు. కాబట్టి లాగకూడదు... ఆలస్యమూ చేయకూడదు.

అత్యవసర విభాగంలో...

చాలామంది ఆస్పత్రిలో అడుగు పెట్టగానే డాక్టరు భుజం పట్టుకుంటారనుకుంటారు. నిజానికి ఆయన ముందు మణికట్టు దగ్గర నాడి చూస్తారు. వేళ్లు కదపమంటారు. పోలీసులు చొక్కా చేతిమీద బ్యాడ్జి కుట్టించుకునే చోట వేలితో తాకి 'స్పర్శ తెలుస్తోందా?' అని అడుగుతారు. అక్కడ తిమ్మిరిగా ఉంటే డెల్టాయిడ్ నరం దెబ్బతిన్నట్టు అనుమానం. ఇదంతా కీలు సరిచేయకముందే రాసిపెడతారు. సరిచేశాక మళ్లీ చూస్తారు. నరం ముందే దెబ్బతిందా, తర్వాతా అన్నది తెలియాలంటే ఇదొక్కటే మార్గం.

తర్వాత నొప్పికి మందు, ఎక్స్‌రే. రెండు కోణాల్లోనైనా తీయాలి. దీనికో కారణం ఉంది. మూర్ఛ వచ్చినవాళ్లకు, కరెంటు షాకు తగిలినవాళ్లకు భుజం వెనకవైపుకి జారుతుంటుంది. ఎదురుగా తీసిన ఒక్క ఎక్స్‌రేలో ఇది దాదాపు మామూలుగానే కనిపిస్తుంది. బంతి మాత్రం కరెంటు బల్బులా గుండ్రంగా అగుపిస్తుంది. అనుభవం లేని కన్ను దాన్ని పట్టుకోలేదు. 'బెణికిందంతే' అని ఇంటికి పంపేస్తే రోగి నెలల తరబడి చెయ్యి బయటికి తిప్పలేక అవస్థ పడతాడు. ఫిట్స్ తర్వాత భుజం నొప్పి అంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

మడమ నుంచి మర్దన దాకా

జారిన భుజాన్ని సరిచేసే విద్య నాగరికతంత పాతది. సుశ్రుత సంహితలో కీళ్ల జారుళ్లను ఆరు రకాలుగా విడదీశారు. భుజం కీలు తప్పితే చంక కింద రోకలి పెట్టి పైకెత్తి, స్థానంలోకి వచ్చాక స్వస్తికాకారంలో కట్టు కట్టాలని అందులో ఉంది. గ్రీకు వైద్యుడు హిపోక్రటిస్ పేరిట ఉన్న గ్రంథంలోనేమో రోగిని పడుకోబెట్టి, వైద్యుడు తన మడమను చంకలో ఆనించి, చెయ్యి లాగాలని ఉంది. మాటిమాటికీ జారే భుజానికి ఎర్రగా కాల్చిన ఇనుముతో చంకలో వాతలు పెట్టడం కూడా ఆ పుస్తకంలో కనిపిస్తుంది. మన పల్లెల్లో వాతలు పెట్టే నాటువైద్యం గుర్తొస్తోంది కదూ!

1870లో స్విట్జర్లాండ్‌కు చెందిన థియోడర్ కోకర్ కొత్త పద్ధతి చెప్పారు. థైరాయిడ్ గ్రంథి మీద చేసిన కృషికి 1909లో నోబెల్ అందుకున్న శస్త్రవైద్యుడే ఈయన. మోచేతిని ఒంటికి ఆనించి, ముంజేతిని నెమ్మదిగా బయటికి తిప్పి, ఆపైన మోచేతిని ముందుకెత్తి, లోపలికి తిప్పడం ఆ పద్ధతి. విచిత్రం ఏంటంటే ఆయన చెప్పిన దాంట్లో లాగడమన్నదే లేదు. తర్వాతివాళ్లు దానికి లాగుడు కలిపారు. విరుగుళ్లతో ఆ పద్ధతికి చెడ్డపేరు తెచ్చారు. 1900లో అమెరికాలో స్టిమ్‌సన్ మరో దారి చూపారు. రోగిని బోర్లా పడుకోబెట్టి, చేతిని మంచం పక్కన వేలాడదీసి, దానికి బరువు కట్టి ఊరుకోవడమే. కాసేపటికి కండరాలు అలసిపోయి వదులవుతాయి. కీలు తనంతట తనే కూర్చుంటుంది.

గత పాతికేళ్లలో ఈ దారి ఇంకా మెత్తబడింది. 2003లో ఆస్ట్రేలియాకు చెందిన అత్యవసర వైద్యుడు నీల్ కనింగ్‌హామ్ చెప్పిన పద్ధతి చూస్తే ఇది వైద్యమా, ఓదార్పా అనిపిస్తుంది. రోగి కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు. డాక్టరు ఎదురుగా కూర్చుని, అతని చేతిని తన భుజం మీద పెట్టుకుంటారు. కబుర్లు చెబుతూ మెడ పక్క కండరాన్ని, భుజం కండరాన్ని, జబ్బ కండరాన్ని ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా మర్దన చేస్తారు. 'రెక్కలు వెనక్కి తీసుకో, ఛాతీ విరుచుకో' అంటారు. బిగింపు వదిలిన క్షణంలో బంతి జారుకుంటూ లోపలికి వెళ్లిపోతుంది. ఒక్కోసారి రోగికి ఆ సంగతే తెలియదు!

గ్రీసు వైద్యులు 'ఫేర్స్' అనే మరో పద్ధతిని తెచ్చారు. వెల్లకిలా పడుకున్న రోగి చేతిని చాపి పట్టుకుని, కిందికీ పైకీ చిన్నగా ఊపుతూ నెమ్మదిగా పక్కకి తీసుకెళ్తారు. 2009లో వాళ్లు ప్రచురించిన పరిశోధనలో మత్తు ఇవ్వకుండానే మూడు పద్ధతుల్ని పోల్చి చూశారు. ఫేర్స్ నూటికి దాదాపు 89 మందిలో ఫలించింది. మడమ పద్ధతి 73 మందిలో, కోకర్ పద్ధతి 68 మందిలో పనిచేశాయి. నొప్పి కూడా ఫేర్స్‌లోనే తక్కువ. స్విట్జర్లాండ్‌లోని స్కీయింగ్ పట్టణం దావోస్ పేరుమీద ఇంకోటుంది. అందులో రోగి మోకాలు మడిచి, దాని చుట్టూ రెండు చేతులూ కట్టించుకుని, నెమ్మదిగా వెనక్కి వాలతాడు. అంటే తన భుజాన్ని తనే సరిచేసుకుంటాడన్నమాట. అయితే ఇదీ వైద్యుడి కనుసన్నల్లోనే.

ఏ పద్ధతైనా కిటుకు ఒక్కటే. భుజాన్ని లోపలికి నెట్టేది డాక్టరు బలం కాదు... వదులైన కండరం. అందుకే ఒకటి పనిచేయకపోతే బలం పెంచరు, పద్ధతి మారుస్తారు.

మత్తు... హైదరాబాద్ పాఠం

నొప్పి తట్టుకోలేనివాళ్లకు, కండలు బాగా తిరిగినవాళ్లకు మర్దనతో పని జరగకపోవచ్చు. అప్పుడు కీలులోకే మొద్దుబార్చే మందు ఎక్కించడం ఒక మార్గం. కాసేపు నిద్ర పుచ్చే మత్తు ఇవ్వడం ఇంకొకటి. మత్తు అనగానే ఇంట్లోవాళ్లకు గుబులు. ఆ గుబులుకు ఈ ఊళ్లోనే ఒక చరిత్ర ఉంది.

పందొమ్మిదో శతాబ్దంలో శస్త్రచికిత్సలకు క్లోరోఫామ్ వాడేవాళ్లు. చిన్నచిన్న పనులకు మత్తిచ్చినప్పుడు కూడా కొందరు హఠాత్తుగా ప్రాణాలొదిలేవారు. కారణం తేల్చడానికి హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో ఒకటి, 1889లో ఒకటి క్లోరోఫామ్ కమిషన్లు ఏర్పడ్డాయి. రెండోదాని కోసం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చి లండన్ నుంచి నిపుణుణ్ని రప్పించారు. లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా చెబుతారు. 'మత్తులో ఉన్న మనిషి ఊపిరిని కనిపెట్టి చూస్తే చాలు, గుండెకు ఏమీ కాదు' అని కమిషన్ తేల్చింది. గుండె సంగతిలో అది పొరబడిందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న మాట మాత్రం ఇప్పటికీ నిలిచింది. అందుకే ఇవాళ మత్తిచ్చేటప్పుడు ఊపిరి, గుండె, రక్తంలో ఆక్సిజన్... మూడింటినీ యంత్రాలతో గమనిస్తూ, ఆ పని కోసమే ఒకరిని కేటాయిస్తారు. ఆ ఏర్పాటు ఉన్నచోటే మత్తు తీసుకోవాలి.

అత్యవసర వైద్యం మన దగ్గర ప్రత్యేక శాస్త్రంగా ఎదిగి ఎంతోకాలం కాలేదు. 108 అంబులెన్సు సేవలు హైదరాబాద్ వేదికగా 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను భారత వైద్యమండలి ప్రత్యేక విభాగంగా గుర్తించింది 2009లో. ఒకప్పుడు 'క్యాజువాలిటీ' అంటే ఎవరో ఒక డ్యూటీ డాక్టరు చూసే గది. ఇప్పుడు ఈ విద్యలో పట్టా పుచ్చుకున్నవాళ్లు పెద్ద ఆస్పత్రుల్లో రాత్రీ పగలూ ఉంటున్నారు.

కట్టు దగ్గరికి వెళ్లొచ్చా?

తెలుగువాళ్లకు విరిగిన ఎముకంటే వెంటనే గుర్తొచ్చే ఊరు పుత్తూరు. వందేళ్లకు పైబడిన ఆ కట్టువైద్యం మీద ఎన్నో కుటుంబాలకు నమ్మకం. ఊరూరా ఆ పేరుతో బోర్డులు వెలిశాయి, హైదరాబాద్ వీధుల్లోనూ కనిపిస్తాయి. నమ్మకాన్ని తప్పుపట్టనక్కర్లేదు. కానీ జారిన భుజం విషయంలో ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఎముక విరిగిందో లేదో, నరం బాగుందో లేదో చూడకుండా చెయ్యి పట్టుకుంటే ఆ తర్వాత తేడా వస్తే తెలిసేదెలా? ముందు ఎక్స్‌రే, ముందు నరం పరీక్ష. ఆ తర్వాతే ఏదైనా.

కూర్చుందిగా... అయిపోయినట్టేనా?

కాదు! అసలు కథ అప్పుడే మొదలు. 'టక్'మని కీలు కూర్చోగానే నొప్పి అమాంతం తగ్గిపోతుంది. మనిషి నవ్వేస్తాడు. సోమవారం ఆఫీసు, శనివారం మళ్లీ మ్యాచ్ అనుకుంటాడు. కానీ జారినప్పుడు గుంట అంచున ఉన్న రబ్బరు కట్ట చాలామందిలో ఊడిపోతుంది. బంతికి వెనకవైపు సొట్ట పడుతుంది. కుర్రవాళ్లలో ఆ కట్ట మునుపటిలా అతుక్కోవడం తక్కువ. ఇరవై ఏళ్లలోపు మొదటిసారి జారితే మళ్లీ జారే అవకాశం సగానికి పైనే. నలభై దాటాక ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. కానీ వాళ్లకు ఇంకో చిక్కు, భుజాన్ని తిప్పే కండరాల పట్టీలు చిరగడం. కీలు సరైన రెండు మూడు వారాలకు కూడా చెయ్యి పైకి లేవట్లేదంటే స్కానింగు చేయించాల్సిందే.

ఎక్కువ రోజులు కట్టులో ఉంచితే మళ్లీ జారదనుకునేవాళ్లు. పరిశోధనల్లో అలా తేలలేదు. కుర్రవాళ్లకు మూడు వారాల వరకు, పెద్దవాళ్లకు వారం పదిరోజులు చాలు. పెద్దవాళ్లలో అంతకు మించితే భుజం పట్టేస్తుంది. జోలెలో ఉన్నా వేళ్లు, మణికట్టు, మోచెయ్యి కదుపుతూనే ఉండాలి. ల్యాప్‌టాప్ పని కొద్దిరోజుల్లోనే చేసుకోవచ్చు. బైకు, జిమ్ము, క్రికెట్ మాత్రం డాక్టరు, ఫిజియోథెరపిస్టు సరేనన్నాకే. ఆటకు మూడు నాలుగు నెలలు పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

మళ్లీ మళ్లీ జారుతుంటే శస్త్రచికిత్స గురించి ఆలోచించాలి. ఊడిన కట్టను తిరిగి కుట్టే బ్యాంకార్ట్ పద్ధతిని చిన్న రంధ్రాల ద్వారానే చేస్తున్నారు. గుంట అంచు ఎముకే అరిగిపోతే లాటర్జే పద్ధతిలో పక్కనున్న ఎముక ముక్కను తెచ్చి బిగిస్తారు. ఆటగాళ్లు, బరువుపని చేసేవాళ్లు మొదటిసారికే ఈ విషయం నిపుణుడితో మాట్లాడటం మంచిది.

క్రికెటర్ శ్రేయస్ అయ్యర్ సంగతి గుర్తుందా? 2021 మార్చి 23న పుణెలో ఇంగ్లండ్‌తో వన్డేలో బంతి ఆపబోయి డైవ్ చేశాడు. ఎడమ భుజం పక్కకి జారింది. ఏప్రిల్‌లో శస్త్రచికిత్స చేయించుకుని, సెప్టెంబరుదాకా మైదానానికి దూరంగా ఉన్నాడు. ఆ నవంబరులో కాన్పూర్‌లో ఆడిన తొలి టెస్టులోనే శతకం కొట్టాడు. దేశంలోకెల్లా మంచి వైద్యం, రోజూ వెంట ఉండే ఫిజియో దొరికే ఆటగాడికే అన్ని నెలలు పట్టింది. వారాంతం ఆటగాళ్లు రెండు వారాల్లో బ్యాటు పట్టాలనుకుంటే ఎలా?

మైదానంలో గుర్తుంచుకోవాల్సినవి

• చెయ్యి లాగొద్దు, తిప్పొద్దు, మర్దన చేయొద్దు. మనిషికి ఏ భంగిమలో హాయిగా ఉంటే అలాగే ఉంచండి.

• చున్నీ గానీ తువ్వాలు గానీ జోలెలా కట్టి చేతికి ఆసరా ఇవ్వండి. చెయ్యి ఒంటి దగ్గరకు రాకపోతే మధ్యలో దిండో, మడిచిన దుప్పటో పెట్టండి.

• గుడ్డలో చుట్టిన ఐసు పెట్టొచ్చు. ఉంగరాలు, గడియారం, గాజులు తీసేయండి. తర్వాత వాపు వస్తే రావు.

• టీ, బిస్కెట్లు ఇవ్వొద్దు. మత్తు అవసరం కావచ్చు. చివరిసారి ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో డాక్టరుకు చెప్పండి.

• చెయ్యి చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, వేళ్లు కదలకపోయినా ఒక్క నిమిషం ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

• బైకు ప్రమాదమైతే భుజమొక్కటే చూడకండి. తల, మెడ, ఛాతీ దెబ్బలు ముందు చూడాలి. మెడ నొప్పి అంటే మనిషిని కదపకుండా అంబులెన్సు కోసం ఆగండి.

• గతంలో ఎన్నిసార్లు జారిందో, ఎలా సరిచేశారో రాసిన కాగితం, పాత ఎక్స్‌రేలు దాచుకోండి. తర్వాతి డాక్టరుకు అవే దారి చూపిస్తాయి.